రంపపు పొట్టుకు సుడిగాలి కళ్లెం

హైదరాబాద్ ఉత్తర శివార్లలో నాగ్‌పూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. ఈ రెండు దారులనూ ఔటర్ రింగ్ రోడ్డు కలిపిన తరువాత కొంపల్లి, గుండ్లపోచంపల్లి, తూంకుంట పరిసరాల్లో అపార్టుమెంట్లు, విల్లాలు వరుసగా లేచాయి. ఇళ్లు లేచిన ప్రతిచోటికీ వాటి వెనకే వడ్రంగి పనీ వచ్చింది. టేకు తలుపులు, దర్వాజాలు చేసే పాత తరహా కార్ఖానాలు, ప్లైవుడ్‌తో, ఎండీఎఫ్‌తో వార్డ్‌రోబులు, మాడ్యులర్ కిచెన్లు తయారుచేసే రేకుల షెడ్లు, గృహప్రవేశానికి ముందు ఆ ఇంట్లోనే మకాం వేసి పని ముగించే బృందాలు, ఇలా పని జరిగే తీరు ఎన్ని రకాలుగా ఉన్నా వీటన్నిటిలోనూ చెక్కతోపాటు పుట్టేది దుమ్ము. చిత్రిక పట్టి, ఉలితో తొలిచిన కాలంలో పేళ్లు, ముతక పొట్టు రాలి పనివాడి కాళ్ల దగ్గరే పడేవి. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడ్లు, రూటర్లు, శాండర్లు చేతికి వచ్చాక పని వేగం పెరిగింది. దానితోపాటు కంటికి ఆనని సన్న పొడి గాలిలోకి లేవడమూ పెరిగింది.

ఆ పొడి ఎంతన్నది చిన్న లెక్కతో తేలుతుంది. ఎనిమిదడుగుల పొడవు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీటును 3 మిల్లీమీటర్ల వెడల్పున కోసే బ్లేడుతో నిలువునా ఒక్కసారి కోస్తే, బ్లేడు తినేసిన చెక్క బరువు దాదాపు 90 గ్రాములు అవుతుంది. అందులో అత్యధిక భాగం ముతక పొట్టుగా నేల మీద పడుతుందని, వెయ్యింట ఒక వంతు మాత్రమే, అంటే 90 మిల్లీగ్రాములు మాత్రమే, గాలిలో నిలిచిందని అనుకున్నా, పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఘనపు మీటరు గాలికి రెండున్నర మిల్లీగ్రాముల దుమ్ము చేరినట్టే. గట్టి కలప దుమ్ము విషయంలో ఐరోపా సమాఖ్య 2023 నుంచి అమలు చేస్తున్న పరిమితి, ఎనిమిది గంటల పనిదినపు సగటున, ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు. ఒక్క కోతకే గది ఆ గీత దాటగలదన్నప్పుడు, రోజంతా షీటు వెంట షీటు కోసే చోట గాలి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

దుమ్మును అంచనా వేయడంలో కన్ను మోసపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. 100 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో మీటరు ఎత్తు నుంచి నాలుగు సెకన్లలో నేలకు చేరితే, 10 మైక్రాన్ల రేణువుకు అయిదారు నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకు దాదాపు ఎనిమిది గంటలు కావాలి. ఫ్యాను తిరుగుతూ, మనుషులు అటూ ఇటూ నడిచే షెడ్డులో అది నేలకు దిగనే దిగదు. కళ్లకు కనబడే పొట్టు ముక్కులోనే ఆగిపోతుంది గానీ, పది మైక్రాన్ల కంటే చిన్న రేణువులు గొంతు దాటి లోపలికి వెళతాయి, అందులోనూ మరీ సన్ననివి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కలప దుమ్మును మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థాల వర్గంలో చేర్చింది. ముక్కులోను, ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల్లోను వచ్చే క్యాన్సర్ ఇందుకు ముఖ్యమైన ఆధారం. ఎండీఎఫ్‌లోని చెక్క పీచును, ప్లైవుడ్ పొరలను అతికించే జిగురులో సాధారణంగా ఉండే ఫార్మాల్డిహైడ్‌ను కూడా అదే సంస్థ 2004లో ఆ వర్గంలోకే తెచ్చింది. టేకు, రోజ్‌వుడ్ వంటి కలపల్లోని సహజ రసాయనాలు చర్మం మీద దద్దుర్లు పుట్టిస్తాయి; ఉబ్బసం ఉన్నవారికి ఏ కలప దుమ్మయినా ఇబ్బందే.

దీనికి చిన్న కార్ఖానాలు వెతుక్కునే మొదటి పరిష్కారం తడి, పొడి రెండింటినీ పీల్చగల వర్క్‌షాప్ వ్యాక్యూమ్ క్లీనర్. గొట్టాన్ని శాండర్‌కో, రంపపు మిషన్‌కో తగిలిస్తే దుమ్ము పుట్టిన చోటే లోపలికి వెళుతుంది, గాలిలోకి లేచిన తరువాత దాని వెంట పడవలసిన పని తప్పుతుంది. కొన్న మొదటి రోజుల్లో అది చక్కగా పనిచేస్తుంది, తరువాత లాగడం మానేస్తుంది, చివరకు షెడ్డు మూలకు చేరుతుంది. మోటారు పాడైందనుకుంటారు గానీ, చాలాసార్లు మోటారుకు ఏమీ కాదు; మూసుకుపోయేది ఫిల్టర్. వ్యాక్యూమ్ లోపలికి వచ్చిన గాలి అంతా మడతలు పెట్టిన కాగితపు ఫిల్టర్ గుండానో, గుడ్డ సంచి గుండానో బయటికి పోవాలి. ఎండీఎఫ్ పొడి లాంటి మెత్తటి దుమ్ము ఆ మడతల్లో అట్టలా పేరుకున్నకొద్దీ గాలి పోయే దారి ఇరుకై, గొట్టం చివర పీల్చే వేగం పడిపోతుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ అట్ట మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఫిల్టర్‌ను గోడకేసి కొట్టి దులిపితే లోపల పట్టుకున్న సన్న పొడి అంతా దులిపేవాడి ముఖం మీదికే వస్తుంది. కంప్రెసర్‌తో గాలి కొడితే షెడ్డంతా నిండుతుంది. కాపాడవలసిన పరికరమే ఇలా కొత్త బెడద అవుతుంది.

సైక్లోన్ అనే వేరుచేసే పాత్ర అవసరం ఇక్కడ వస్తుంది. మిషన్‌కూ వ్యాక్యూమ్‌కూ మధ్య, గొట్టం దారిలో దీన్ని అమరుస్తారు. దీని పైభాగం డబ్బాలా గుండ్రంగా ఉంటుంది, కింది భాగం గరాటులా సన్నబడుతూ పోయి, మొనకు బిగించిన బకెట్‌లోకి తెరుచుకుంటుంది. దుమ్ముతో కూడిన గాలి పైన పక్క నుంచి, లోపలి గోడను ఒరుసుకుంటూ ప్రవేశిస్తుంది, కాబట్టి నేరుగా వెళ్లలేక గోడ వెంట గిరగిర తిరుగుతూ కిందికి దిగుతుంది. గరాటు కొస దగ్గర దిశ మార్చుకుని, మధ్యలో సన్నని సుడిగా పైకి లేచి, మూత నడిమి నుంచి లోపలికి దిగి ఉన్న గొట్టం ద్వారా వ్యాక్యూమ్ వైపు వెళ్లిపోతుంది. గాలి ఇంత చటుక్కున మలుపు తిరగగలదు గానీ, బరువున్న రేణువు తిరగలేదు. అది గోడకు నెట్టుకుపోయి, గోడ వెంట జారి, బకెట్‌లో పడుతుంది.

కళ్లంలో వడ్లు తూర్పారబట్టే రైతు చేసేది కూడా గాలి సాయంతో బరువైన దాన్ని, తేలికైన దాన్ని వేరు చేయడమే. అయితే అక్కడ గింజను కిందికి లాగేది భూమ్యాకర్షణ ఒక్కటే, సైక్లోన్‌లో దాని పాత్ర అతి స్వల్పం. గుండ్రంగా తిరిగే వస్తువును బయటికి నెట్టే త్వరణం, వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో గాలి ప్రవేశించే, 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సైక్లోన్‌లో అది భూమ్యాకర్షణకు దాదాపు 540 రెట్లు. అంటే లోపల తిరిగే ప్రతి రేణువూ తన బరువు 540 రెట్లయినట్టు గోడకు ఒత్తుకుంటుంది. గాలిలో నిమిషాల తరబడి తేలవలసిన పది మైక్రాన్ల రేణువు కూడా ఒకటి రెండు చుట్లలోనే పక్కకు తప్పుకోవడానికి కారణం ఇదే. పాత్ర వ్యాసం తగ్గించినకొద్దీ ఈ బలం పెరుగుతుంది, అదే సమయంలో గాలికి అడ్డూ పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ గాలిని శుద్ధి చేయవలసిన పెద్ద పరిశ్రమల్లో ఒక్క పెద్ద సైక్లోన్ బదులు చిన్నవాటిని పక్కపక్కన అమర్చడం కూడా ఉంది.

తెలంగాణ పల్లెలకు ఈ ఆకారం కొత్తది కాదు. రైస్ మిల్లుల కప్పుల మీద, పక్కన కనిపించే పెద్ద రేకు గరాట్లు ఇవే. ఊకను, తవుడు దుమ్మును మోసుకొచ్చే గాలిని అవి వడకడతాయి. తాండూరు, హుజూర్‌నగర్ ప్రాంతాల సిమెంటు కర్మాగారాల్లో ఆకాశానికి లేచిన గోపురాల్లో సైక్లోన్లు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా ఉంటాయి. బట్టీ నుంచి వచ్చే వేడి గాలితో సున్నపురాయి పొడిని వేడెక్కించి, మళ్లీ గాలి నుంచి వేరు చేయడం వాటి పని. ఈ పరికరానికి అమెరికాలో జాన్ ఎం. ఫించ్ 1885లో పేటెంటు పొందాడు. ఎన్నో దశాబ్దాలు అనుభవం మీద సాగిన దాని నిర్మాణానికి 1951లో బ్రిటన్‌కు చెందిన సి.జె. స్టెయిర్‌మండ్ ప్రయోగాలతో కొలతలు స్థిరపరిచాడు. తరువాత జేమ్స్ డైసన్ తన కార్ఖానాలో రంగు పొడి ఫిల్టర్‌ను పదేపదే మూసేస్తుంటే, రంపపు మిల్లుల్లో వాడే సైక్లోన్ లాంటిది కట్టుకుని, అదే సూత్రాన్ని ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌లోకి తేవడానికి 5,127 నమూనాలు తయారుచేశాడు. ఆయన సొంత పేరుతో మొదటి యంత్రం 1993లో బజారులోకి వచ్చింది.

స్టెయిర్‌మండ్ కొలతలు గుర్తుపెట్టుకోదగినవి, ఎందుకంటే అవన్నీ డబ్బా వ్యాసానికి నిష్పత్తులు. ఒక్క కొలత తెలిస్తే మిగిలినవన్నీ వస్తాయి. గాలి ప్రవేశించే దీర్ఘచతురస్రపు దారి ఎత్తు వ్యాసంలో సగం, వెడల్పు అయిదో వంతు. మధ్యలో గాలి వెళ్లిపోయే గొట్టం వ్యాసంలో సగం. గుండ్రటి భాగం పొడవు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. గరాటుతో కలిపి మొత్తం ఎత్తు నాలుగు రెట్లు. వ్యాక్యూమ్ గొట్టం లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు ఉంటే, దాని రంధ్రానికి సమానమైన ప్రవేశ ద్వారం ఉండవలసిన సైక్లోన్ వ్యాసం 10 సెంటీమీటర్ల దగ్గర, ఎత్తు 40 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. మూరెడు కూడా లేని ఈ పరికరాన్ని చూసి ఇది ఏం చేయగలదని చిన్నచూపు చూడడం పొరపాటు. వ్యాక్యూమ్ లాగే కొద్దిపాటి గాలికి అదే సరైన కొలత. పెద్దదైతే బలమనుకుని మిల్లు సైక్లోన్‌ను తెచ్చి సన్న గొట్టానికి తగిలిస్తే లోపల గాలి వేగం పడిపోయి దుమ్ము వేరుపడదు.

బజారులో ప్లాస్టిక్ సైక్లోన్లు తయారుగా దొరుకుతున్నాయి కాబట్టి, చాలా మంది వడ్రంగులకు మిగిలే పని దాన్ని బకెట్ మూతకు బిగించి, రెండు గొట్టాలు తగిలించడమే. ఖాళీ అయిన 20 లీటర్ల పెయింటు బకెట్ ఇందుకు అందరికీ అందుబాటులో ఉండేది. ఎక్కువ మంది దెబ్బతినేదీ ఈ బకెట్ దగ్గరే. గొట్టం నోరు పూర్తిగా మూసుకుపోయిన క్షణంలో ఒక మంచి వ్యాక్యూమ్ లోపల 18 కిలోపాస్కల్‌ల వరకు పీడనం తగ్గించగలదు. అడుగు వ్యాసం ఉన్న మూత మీద అది సుమారు 130 కిలోల బరువు పెట్టినట్టు. పలుచని బకెట్ ఆ ఒత్తిడికి నిలవక, చప్పున లోపలికి నలిగిపోతుంది. ఒక బకెట్‌లో మరో బకెట్ దించి గోడను రెండింతలు చేయడం, మూత కింద ప్లైవుడ్ పలకను గుండ్రంగా కోసి స్క్రూలతో బిగించడం, లేదా మందమైన ఇనుప డ్రమ్ము వాడటం దీనికి మార్గాలు. గొట్టం మూసుకుపోయినప్పుడు తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే చిన్న కవాటం పెట్టుకుంటే ఇంకా మంచిది.

రెండో మెళకువ మూత బిగింపులో ఉంది. బకెట్ లోపల పీడనం బయటి కంటే తక్కువగా ఉంటుంది, కాబట్టి చిన్న చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి దూసుకొచ్చి, గరాటు మొన గుండా పైకి లేస్తుంది. దానితోపాటు అప్పటికే కింద పడిన దుమ్మునూ ఎత్తుకుని నేరుగా మధ్య సుడిలో కలిపేస్తుంది. సైక్లోన్ సక్రమంగా ఉన్నా దుమ్మంతా వ్యాక్యూమ్‌లోకే పోతోందని చెప్పేవారి బకెట్లలో కారణం తరచుగా ఇదే. మూత అంచు చుట్టూ ఫోమ్ పట్టీ అతికించడం, సైక్లోన్ బిగించిన చోట సిలికాన్ పూయడం, బకెట్ మూడొంతులు నిండకముందే ఖాళీ చేయడం చాలు. మెడ వరకు నిండనిస్తే సుడి కొస దుమ్మును తాకి పైకి లేపుతుంది. అమరిక ఎంత బాగుందో తేల్చుకోవడానికి తూకం కంటే నమ్మకమైనది లేదు: ఒక కిలో పొట్టును తూచి పీల్పించి, బకెట్‌లో ఎంత చేరిందో మళ్లీ తూస్తే, తేడా వ్యాక్యూమ్‌లోకి పోయిందని తెలుస్తుంది. పొట్టు విషయంలో ఆ తేడా అతి స్వల్పంగా ఉండాలి. అలా లేకపోతే ముందు చీలికలు వెతకాలి.

అయితే సైక్లోన్ చేయలేనిది కూడా అంతే స్పష్టంగా తెలియాలి. రేణువు చిన్నదైనకొద్దీ దాని మీద గాలి పట్టు పెరుగుతుంది. కొద్ది మైక్రాన్ల కంటే సన్నని దుమ్ము తప్పుకోలేక గాలితోపాటే మధ్య గొట్టంలోకి వెళుతుంది. ఊపిరితిత్తులకు ఎక్కువ ప్రమాదం చేసే భాగమూ అదే. బకెట్‌లో కిలోల కొద్దీ పొట్టు చేరిందని సంతోషించి, వ్యాక్యూమ్ ఫిల్టర్‌ను తీసేసి నడపడం, లేదా చిల్లుపడిన ఫిల్టర్‌తో సర్దుకుపోవడం ఉన్న రక్షణను పోగొట్టుకోవడమే. సైక్లోన్ ఫిల్టర్ స్థానంలోకి రాదు. దాని భారాన్ని మోస్తుంది. ముతక దుమ్మును ముందే తీసేయడం వల్ల ఫిల్టర్ ఎక్కువ కాలం తెరుచుకుని ఉంటుంది, గొట్టం చివర వేగం నిలుస్తుంది, అందువల్లనే హెపా వంటి సన్నని, ఖరీదైన ఫిల్టర్ వాడటం చిన్న షెడ్డుకు కూడా సాధ్యమవుతుంది. హెపా అంటే 0.3 మైక్రాన్ రేణువుల్లోనూ 99.97 శాతం పట్టగలదని పరీక్షించి నిర్ధారించిన ఫిల్టర్. శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళితే, 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారయ్యే గదుల్లోకి గాలి ఇటువంటి ఫిల్టర్ల గుండానే వెళుతుంది. అదే మండలంలో ఎండీఎఫ్ కోసే యువకుడికి ముక్కుకు కట్టిన రుమాలే దిక్కు కావడం బాధాకరం. రుమాలు ముతక పొట్టును ఆపుతుంది, సన్న పొడిని ఆపదు.

ఇళ్లలో జరిగే పనికి మరో చిక్కు ఉంది. రాయి, టైల్స్ కోయడానికి చేసిన మార్బుల్ కట్టర్‌కే చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం ఇక్కడ మామూలు. దానికి దుమ్ము గొట్టం తగిలించే నోరు ఉండదు, బ్లేడు పొడిని ముందుకు విసిరేస్తుంది. దాని కవచం వెనక చిన్న రేకు తొడుగు అమర్చి గొట్టం బిగించడం కొంత మేలు. దుమ్ము నోరు ఉన్న రంపపు మిషన్ కొనడం అంతకంటే మేలు. థిక్‌నెసర్ వంటి చిత్రిక యంత్రాలు గుట్టలుగా విసిరే పేళ్లకు సన్న గొట్టం చాలదు. వాటికి నాలుగంగుళాల పైపుతో ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో లాగే పెద్ద బ్లోయర్ కావాలి. వ్యాక్యూమ్, మిషన్ రెండూ కలిసి 2,000 వాట్లు దాటే అవకాశం ఉంది కాబట్టి, 230 వోల్టుల దగ్గర 1,400 వాట్లు కూడా మోయలేని 6 ఆంపియర్ల సాకెట్‌లో రెండింటినీ పెట్టడం ప్రమాదం. 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన మందపు తీగ ఉండాలి. ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి చేతికి చురుక్కుమనిపిస్తుంది. గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్త్‌కు కలిపితే అది చాలావరకు తగ్గుతుంది. పాత తలుపులు కోసేటప్పుడు మేకుకు తగిలి లేచే నిప్పురవ్వ పొట్టు బకెట్‌లో చేరితే గంటల తరువాత కూడా రాజుకోగలదు. ఇనుము రుద్దే గ్రైండర్‌ను ఈ గొట్టానికి ఎప్పుడూ తగిలించకూడదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను, పనివారికి హాని చేసే దుమ్మును పీల్చకుండా యజమాని ఏర్పాటు చేయాలని, దాన్ని లాగే పరికరం దుమ్ము పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలని చెప్పింది. కానీ విద్యుత్తుతో నడిచే చోట పదిమంది పనివారు ఉంటేనే ఆ చట్టం దృష్టిలో అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. నలుగురైదుగురు పనిచేసే మేడ్చల్ షెడ్డు, ముగ్గురు మకాం వేసిన తూంకుంట విల్లా ఆ లెక్కలోకి ఏనాడూ రాలేదు, ఇక వచ్చే అవకాశం మరింత తగ్గింది. కాబట్టి ఈ బాధ్యత పని ఇచ్చే మేస్త్రీ మీద, పని చేయించుకునే ఇంటి యజమాని మీద పడుతుంది. వార్డ్‌రోబు లామినేట్‌కు పెట్టే ఖర్చులో చిన్న భాగం దుమ్ము లాగే ఏర్పాటుకు ఒప్పందంలోనే రాసుకోవడం న్యాయం.

బకెట్‌లో చేరిన పొట్టును ఏం చేయాలన్నది చివరి ప్రశ్న, దీనికి జవాబు చెక్కను బట్టి మారుతుంది. శుద్ధమైన కలప పొట్టు, రంగూ వార్నిషూ తగలనిదైతే, పొట్టు పొయ్యిలో కూరుకుని వంటచెరకుగా వాడుకోవచ్చు, కంపోస్టులో పేడతో కలపవచ్చు. ఎండీఎఫ్, ప్లైవుడ్, లామినేట్ కలిసిన పొడిని మాత్రం పొయ్యిలో వేయకూడదు, చలిమంటలో కాల్చకూడదు, కోళ్ల షెడ్డులో పరుపుగా ఇవ్వకూడదు. అందులోని జిగురు పొగలోనూ, దుమ్ములోనూ తిరిగి వస్తుంది. రెండు రకాల చెక్కా కోసే కార్ఖానా రెండు బకెట్లు పెట్టుకుని, మూతను ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి మార్చుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు బకెట్‌ను గాలిలో గుమ్మరించకుండా, ముందు దాని నోటికి ప్లాస్టిక్ సంచి తొడిగి, ఆ తరువాతే తలకిందులు చేసి, కొంతసేపు అలాగే ఉంచి, సంచి మూతి కట్టాలి. ఆ పని చేసేవారు రుమాలు కాకుండా ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.